మహనీయుల ఇళ్లను ఇళ్లుగానే చూపించండి

కోస్తా ఆంధ్రలో మహనీయులు నివసించిన ఇళ్లను సంరక్షిస్తున్న ప్రభుత్వ శాఖల అధికారులకు, స్మారక సంఘాల సభ్యులకు, ధర్మకర్తలకు, పూర్వీకుల ఇంటిని నేటికీ సొంత ఖర్చుతో నిలబెట్టుకుంటూ వస్తున్న వారసులకు,

నమస్కారములు.

నేను ముప్పై ఒక్క ఏళ్లపాటు ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. ఉద్యోగంలో ఉన్నంతకాలం దాదాపు ప్రతి ఏడాదీ పదో తరగతి పిల్లలను వెంటబెట్టుకొని, వాళ్లు పాఠంలో చదువుకున్న మనుషులు బతికిన ఇళ్లను చూపించడానికి రాజమహేంద్రవరమో విజయనగరమో వెళ్లి వస్తుండేవాణ్ణి. ఉద్యోగం అయిపోయినా ఆ అలవాటు పోలేదు. ఇప్పుడు మనవలను, వాళ్ల స్నేహితులను తీసుకువెళుతున్నాను. ఇన్నేళ్లుగా ఆ గుమ్మాలు ఎక్కి దిగిన చనువుతో మీకు ఒక విన్నపం చేసుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను. మీరు కాపాడుతున్న కట్టడాలను దయచేసి ఇళ్లుగానే చూపించండి. లోపలికి వచ్చినవారికి అక్కడ ఒక కుటుంబం వండుకొని, తిని, నిద్రపోయి, వాదించుకొని, భయపడి, ధైర్యం తెచ్చుకొని బతికిందన్న సంగతి గోడలను చూస్తుండగానే తెలియాలి. ఇన్నేళ్లలో నేను చూసిన ఇళ్లలో చాలావాటిలో మిగిలింది మాత్రం ఒక విగ్రహం, కొన్ని పటాలు, జయంతి నాడు వేసిన దండ.

రాజమహేంద్రవరంతోనే మొదలుపెడతాను. కందుకూరి వీరేశలింగం గారు 1848 ఏప్రిల్ 16న పుట్టిన ఊరు అది. ఆయన నివసించిన ఇల్లు ఇప్పటికీ నిలిచి ఉండడం, దాన్ని ప్రదర్శనశాలగా సంరక్షించుకోవడం మన అదృష్టం. ఎందుకంటే తెలుగు సమాజంలో ఒక పెద్ద మార్పు సభలో చేసిన తీర్మానంతో మొదలవలేదు, ఒక ఇంట్లో జరిగిన పెళ్లితో మొదలైంది. 1881 డిసెంబరు 11న గోగులపాటి శ్రీరాములు గారికి, బాల్యంలోనే భర్తను పోగొట్టుకున్న గౌరమ్మ అనే బాలికకు వీరేశలింగం గారు పెళ్లి జరిపించారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య గారు డబ్బు సాయం చేశారు, విద్యార్థులు కాపలా కాశారు, ఊళ్లో పెద్దలు వెలి వేస్తామన్నారు. ఈ సంగతులన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి, పిల్లలు పరీక్షల్లో రాసి మార్కులు కూడా తెచ్చుకుంటారు. కానీ ఆ పిల్లలే ఆ ఇంటి గుమ్మంలో నిలబడినప్పుడు అడిగే ప్రశ్నలు పరీక్షలో వచ్చేవి కావు. పెళ్లికూతుర్ని ఏ దారిన లోపలికి తెచ్చారు? పందిరి ఎక్కడ వేశారు? బయట గోల చేస్తున్నవాళ్ల కేకలు లోపలికి వినిపించాయా? ఒక అమ్మాయి నన్ను, "మాస్టారూ, ఆ పెళ్లికి వంట ఎవరు చేశారు?" అని అడిగింది. అన్నిటిలోకీ మంచి ప్రశ్న అదేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ ప్రశ్నకు జవాబు ఉంది. వంటవాళ్లు రామన్నారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు, పురోహితులు దొరకడమే కష్టమైంది. అప్పుడు వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మి గారు తానే గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు తెచ్చి, పొయ్యి దగ్గర కూర్చొని వచ్చినవాళ్లందరికీ వండి పెట్టారు. ఆ తర్వాత కూడా దిక్కులేని వితంతువులను ఇంట్లో ఉంచుకొని, వాళ్ల ఏడుపులు విని, వాళ్ల కాన్పులు చూసి, వాళ్లకు చదువు చెప్పించి, పెళ్లిళ్లు చేసి పంపిన బాధ్యతలో సగం కంటే ఎక్కువే ఆమె భుజాల మీద పడింది. భర్త రాసినవి అచ్చయ్యాయి కాబట్టి ఆయన పని మనకు కనబడుతుంది. భార్య చేసినదంతా వంటగదిలో, పెరట్లో, బావి దగ్గర జరిగింది కాబట్టి ఆ చోట్లను చూపిస్తే తప్ప ఆమె పని కనబడదు. అందుకే నా మొదటి కోరిక ఇది. ఆ ఇంట్లో వంట చేసిన చోటేదో, నీళ్లు నిలవ ఉంచిన చోటేదో, ఆశ్రయం కోరి వచ్చిన ఆడవాళ్లు తలదాచుకున్న గదులు ఏవో పాత పత్రాలను, కుటుంబ జ్ఞాపకాలను, కట్టడం ఆనవాళ్లను పరిశీలించి నిర్ధారించండి. నిర్ధారించిన చోట ఒక మట్టి పొయ్యి, రెండు ఇత్తడి బిందెలు పెట్టి, పక్కన నాలుగు వాక్యాలు రాసిన పలక ఉంచండి. ఖచ్చితంగా తేలనిచోట తేలలేదనే రాయండి. మంచం, కుర్చీ, పందిరిపట్టె ఏదో ఒకటి తెచ్చిపెట్టి ఇది ఆయన వాడినదేనని రాయడం కంటే, "ఆ కాలపు ఇళ్లలో వాడిన వంటి వస్తువు" అని నిజాయితీగా చెప్పడం వల్ల ఆ ఇంటికి గౌరవం పెరుగుతుందే కానీ తగ్గదు.

వీరేశలింగం గారి విషయంలో మరో సౌకర్యం కూడా ఉంది. తన జీవితాన్ని ఆయన స్వయంగా, విస్తారంగా రాసిపెట్టారు. ఏ పని ఎప్పుడు ఎక్కడ చేశారో, ఎవరు సాయం చేశారో, ఎవరు మాట ఇచ్చి తప్పారో ఆ స్వీయచరిత్రలో ఉంది. దానిలోంచి గదికి ఒక్క పేరా చొప్పున తీసి పెద్ద అక్షరాలతో గోడ మీద పెడితే, ఆ ఇల్లు తన కథను తానే చెప్పుకుంటుంది. అదే ఊళ్లో ఆయన 1890లో కట్టించిన టౌన్‌హాలు ఉంది, ఆయన, రాజ్యలక్ష్మి గారి సమాధులున్న ఆనంద తోట ఉంది, ఆయన తన ఆస్తినంతా రాసి ఇచ్చిన హితకారిణీ సమాజం విద్యాసంస్థలు ఉన్నాయి. కొద్ది దూరంలో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో మశూచితో పోయిన చిత్రకారుడు దామెర్ల రామారావు గారి చిత్రశాల ఉంది. ధవళేశ్వరం వెళ్తే కాటన్ దొర మ్యూజియం. ఇవన్నీ ఒక్క రోజులో చూడదగినవే. కానీ ఏది ఏ రోజు మూసి ఉంటుందో, ఏది ఏ వేళకు తెరుస్తారో ఒకచోట రాసి ఉన్న కాగితం నాకు ఇంతవరకు దొరకలేదు. ఒకే టిక్కెట్టు, ఒకే పటం, అన్నిటికీ ఒకే సెలవు రోజు ఉంటే చాలు, పొరుగు జిల్లాల పాఠశాలలు బస్సులు కట్టుకొని వస్తాయి.

విజయనగరంలో గురజాడ అప్పారావు గారి ఇంటి సంగతి కొంత వేరు. ఆయన వాడిన వస్తువులు, పుస్తకాలు, ఛాయాచిత్రాలు అక్కడ ఉన్నాయి, గ్రంథాలయం ఉంది. ఆ వీధిలో నడిచి, కోట గోడను చూసి, ఆ ఇంట్లోకి అడుగుపెట్టిన పిల్లలకు ఏదో తెలిసిన మనిషి ఇంటికి వచ్చినట్టే ఉంటుంది. 1892లో ఆ ఊళ్లోనే జగన్నాథ విలాసినీ సభ వారు ఆయన కన్యాశుల్కం నాటకాన్ని మొదటిసారి ఆడారు. 1897లో అది అచ్చయింది. 1909లో ఆయన దాన్ని దాదాపు కొత్తగా తిరగరాశారు. ఆ నాటకం వెనుక ఉన్న ఒక లెక్కను మాత్రం నేను ఏ గోడ మీదా చూడలేదు. మహారాజా ఆనంద గజపతి గారు అప్పటి విశాఖపట్నం జిల్లాలో పదేళ్లలో సాధారణ బ్రాహ్మణ కుటుంబాలలో శుల్కం తీసుకొని చేసిన పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారు. గురజాడ వారు మొదటి ముద్రణ పీఠికలో ఆ అంకెలను ఇచ్చారు. నమోదైన పెళ్లిళ్లు 1034. వాటిలో 99 మంది పెళ్లికూతుళ్లకు వయసు ఐదేళ్లు, 44 మందికి నాలుగేళ్లు, 36 మందికి మూడేళ్లు, ఆరుగురికి రెండేళ్లు, ముగ్గురికి ఒక ఏడాది.

ఈ అంకెలను నేను నా తరగతిలో నల్లబల్ల మీద రాసేవాణ్ణి. నాటకంలో వెంకటేశాన్నీ గిరీశాన్నీ చూసి నవ్విన పిల్లలు ఆ అంకెలు చూశాక కాసేపు మాట్లాడేవారు కారు. మొత్తం కూడితే ఐదేళ్లూ అంతకులోపు వయసున్న పిల్లలు 188 మంది. ఆ 188 మందిని 188 చిన్న గుర్తులుగా, ఉయ్యాల బొమ్మలుగానో చిన్న గాజులుగానో, ఆ ఇంటి ఒక గోడ మీద అమర్చి చూపిస్తే, ఆ నాటకాన్ని ఆయన ఎందుకు రాయవలసి వచ్చిందో చెప్పడానికి వేరే ఉపన్యాసం అక్కర్లేదు. గురజాడ వారు డైరీలు రాసుకున్నారు. ఉత్తరాలు రాశారు. వ్యావహారిక భాష కోసం ఆయన, పర్లాకిమిడిలో ఉన్న గిడుగు రామమూర్తి గారు, తనిఖీ అధికారి యేట్సు దొర చేసిన పోరాటం కాగితాల మీద నడిచింది. ఆ కాగితాల నకళ్లను ఒక బల్ల మీద పరిచి, పిల్లలు చేత్తో పట్టుకొని చదివే వీలు కల్పించవచ్చు. అసలు ప్రతులు గాజుపెట్టెలో భద్రంగా ఉండాలి, అందులో సందేహం లేదు. నకలు మాత్రం చేతికి అందాలి. రాత చూడగానే మనిషి దగ్గరవుతాడు. ఆ కొట్టివేతలు, ఆ మార్పులు, అంచుల్లో రాసుకున్న మాటలు చూసినప్పుడు ఇంత పెద్దవాడు కూడా ఒక మాట కోసం వెతుక్కున్నాడని పదో తరగతి పిల్లవాడికి తెలుస్తుంది. రాయడం నేర్చుకుంటున్న పిల్లలకు అంతకంటే పెద్ద ఊరట ఏముంటుంది?

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఊరి పేరు, ఇంటి పేరు చెప్పను, ఎందుకంటే ఎవరినో దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు, ఈ పరిస్థితి ఒక్క ఊరిదీ కాదు. ఒక జనవరి నెలలో నలభై రెండు మంది పిల్లలతో తెల్లవారుజామున బయలుదేరి, మూడున్నర గంటలు బస్సులో ప్రయాణం చేసి, ఒక ప్రసిద్ధుల ఇంటికి చేరాము. తలుపుకు తాళం ఉంది. సెలవు అని ఎక్కడా రాసి లేదు. పక్కింటివారిని అడిగితే తాళంచెవి ఉన్న మనిషి పెళ్లికి ఊరు వెళ్లాడన్నారు. పిల్లలు కిటికీ ఊచల్లోంచి వంతులవారీగా లోపలికి తొంగిచూశారు. లోపల చీకట్లో ఒక వాలుకుర్చీ, గోడకు ఒక పటం మసకగా కనిపించాయి. తర్వాత అరుగు మీద కూర్చొని, తెచ్చుకున్న పులిహోర తిని, ఆ ఇంటి గురించి నాకు తెలిసిందంతా నేనే చెప్పాను. తాళంచెవి ఉన్న ఆ మనిషి మీద నాకు ఈనాటికీ కోపం లేదు. ఒక్కడే మనిషి, ఒక్కటే తాళంచెవి అయినప్పుడు అతను పెళ్లికి వెళ్లకూడదనడం అన్యాయం. కోపం రావలసింది, ఒక మనిషి మీదే ఒక ఇల్లంతా ఆధారపడి నడిచే ఆ ఏర్పాటు మీద.

తెరిచి ఉంచితే దొంగల భయం అని మీలో కొందరు అంటారని తెలుసు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. 2004లో శాంతినికేతనంలోని ప్రదర్శనశాల నుంచి రవీంద్రుల నోబెల్ పతకమే పోయింది. 2015లో కర్ణాటకలో తీర్థహళ్లి తాలూకా కుప్పళ్లిలో మహాకవి కువెంపు గారి ఇంట్లో ఆయన పద్మ పురస్కారాల పతకాలు పోయాయి. అయినా ఆ కుప్పళ్లి ఇంటిని మూసివేయలేదు. మలెనాడు పద్ధతిలో కట్టిన ఆ పెద్ద ఇంట్లో ఇప్పటికీ వంటపాత్రలు, వ్యవసాయపు పనిముట్లు, ఆయన పెళ్లి నాటి మండపం చూపిస్తారు. ఆ ఇంటిని కన్నడిగులు కవిమనె అంటారు, అంటే కవి ఇల్లు. ఆ పేరులోనే ఉంది నేను చెప్పదలచుకున్నదంతా. విలువైన పతకాలను బ్యాంకు లాకరులో పెట్టి వాటి నమూనాలను ప్రదర్శించవచ్చు, కాపలా కెమెరాలు పెట్టవచ్చు, గదికొక మనిషిని ఉంచవచ్చు. అయితే నిజానికి సందర్శకులు రోజూ వచ్చి పోతుండడమే ఇంటికి అన్నిటికంటే మంచి కాపలా. ఎవరూ తొక్కని గుమ్మంలో చెదపురుగులు దొంగల కంటే ముందు వస్తాయి.

కట్టడం గురించి రెండు మాటలు. నేను ఇంజనీరును కాను, కానీ మా తాతగారి ఇంటికి మరమ్మతులు చేయించి దెబ్బతిన్నవాణ్ణి. ఈ ఇళ్లు గానుగసున్నంతో కట్టినవి. ఇసుక, సున్నం కలిపి గానుగలో రోజుల తరబడి తిప్పి, తీసిన ముద్దతో గోడలు లేపి, పైన నునుపైన పూత పూసేవారు. ఆ గోడ చెమ్మను పీల్చుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే లోపలి చెమ్మకు బయటికి దారి ఉండదు. నాలుగు వానాకాలాలు తిరిగేసరికి గోడకు ఉప్పు పొంగుతుంది, పూత బుడగలు లేచి పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది, లోపలి ఇటుక పొడిపొడిగా రాలుతుంది. మా ఇంట్లో సరిగ్గా అదే జరిగింది, తప్పు చేసిందీ మేమే. తక్కువ ధరకు టెండరు వేసినవాడికి ఈ తేడా చెప్పేవారు లేకపోతే, మరమ్మతు పేరుతోనే ఇల్లు పోతుంది. సున్నపు పని తెలిసిన మేస్త్రీలు గోదావరి జిల్లాల్లో ఇంకా కొందరు ఉన్నారు, వాళ్లు వృద్ధులయ్యారు. వాళ్ల చేత ఈ ఇళ్లకు పని చేయిస్తూ, పక్కన ఇద్దరేసి కుర్రవాళ్లను పెట్టి నేర్పించే ఏర్పాటు చేయండి. రంగుల విషయంలోనూ అంతే. ప్రతి జయంతికీ ముందు కొత్త ప్లాస్టిక్ పెయింటు వేయడం వల్ల గోడ ఊపిరి ఆగిపోతుంది. వెల్లసున్నం చాలు, అదే ఆ ఇంటి అసలు రంగు.

వీధి సంగతి కూడా మీరు పట్టించుకోవాలి. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తీయకుండా దాని మీదే కొత్తది పోస్తూ పోవడంతో, ఒకప్పుడు నాలుగు మెట్లు ఎక్కి చేరుకునే అరుగులు ఇప్పుడు వీధితో సమానమయ్యాయి. కొన్ని ఇళ్లు గోతిలో ఉన్నట్టున్నాయి. వాన కురిస్తే వీధి నీరంతా వసారాలోకి వస్తుంది. వెడల్పు చేసే పనుల్లో అరుగులే ముందుగా పోతాయి. ఆ ఇళ్లలో అరుగు విలువ తక్కువది కాదు. వచ్చినవాళ్లు కూర్చున్నది అక్కడ, వాదాలు జరిగింది అక్కడ, ఉత్తరాలు చదివి వినిపించుకున్నది అక్కడ. 1960 నాటి మన రాష్ట్ర పురాతన కట్టడాల చట్టం కింద ఏదైనా ఇంటిని రక్షిత కట్టడంగా ప్రకటించేటప్పుడు అరుగును, పెరటిని, బావిని, ప్రహరీ గోడను కూడా హద్దుల్లో చేర్చి, ఆ హద్దుల నకలు పురపాలక సంఘం ఇంజనీరు బల్ల మీద ఎప్పుడూ ఉండేలా చూడాలని నా ప్రార్థన. రెండు శాఖల మధ్య కాగితం అందకపోవడం వల్ల పోయిన అరుగును ఎవరూ తిరిగి తేలేరు.

వారసులతో కూడా ఒక మాట మాట్లాడాలి. పూర్వీకుల ఇంటిని అమ్ముకోవలసి రావడం తప్పు కాదు. పంచుకోవలసినవాళ్లు పదిమంది ఉంటారు, ఊరు విడిచిపోయినవాళ్లు ఉంటారు, పైకప్పు దూలాలు మార్చాలంటే అయ్యే ఖర్చు ఒక్క కుటుంబం భరించలేనిది. మైసూరు యాదవగిరిలో రచయిత ఆర్.కె. నారాయణ్ గారి ఇల్లు 2011లో కూల్చివేత దాకా వెళ్లింది. జనం అభ్యంతరం చెప్పడంతో పని ఆగింది, తర్వాత ప్రభుత్వం తరఫున దాన్ని కొని, బాగుచేసి, 2016లో ప్రదర్శనశాలగా తెరిచారు. చెన్నై తిరువల్లికేణిలో సుబ్రహ్మణ్య భారతి నివసించిన ఇంటిని తమిళనాడు ప్రభుత్వం సొంతం చేసుకొని స్మారకంగా నడుపుతోంది. హైదరాబాదులో సరోజినీ నాయుడు గారి గోల్డెన్ త్రెషోల్డ్‌ను ఆమె కుమార్తె పద్మజా నాయుడు గారు హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. 1974లో ఆ విశ్వవిద్యాలయం మొదలైంది ఆ ఇంట్లోనే. ఇవ్వాలనుకున్న కుటుంబానికి తగిన ధర, తగిన గౌరవం, ఏ గదిలో ఏం జరిగిందో చెప్పే హక్కు ఇవ్వడం ప్రభుత్వం వంతు. ఇల్లు ఇచ్చే ముందు ఇంట్లోని పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ఏ గదిలో ఏముండేదో, ఏ కిటికీ దగ్గర ఎవరు కూర్చునేవారో చెప్పించి రికార్డు చేసి ఉంచడం కుటుంబం వంతు. అమ్మమ్మ పోయిన తర్వాత ఆ వివరం ఏ శాసనంలోనూ దొరకదు.

కాగితాల విషయంలో ఒకే ఒక్క హెచ్చరిక చేస్తాను. చేతిరాత పత్రాలకు ప్లాస్టిక్ లామినేషన్ చేయించకండి. మంచి ఉద్దేశంతో చేసినవే చాలా చూశాను. వేడికి, జిగురుకు కాగితం పచ్చబడి, విడదీయరానిదై, చివరికి ప్లాస్టిక్‌తోపాటే పోతుంది. ఎండ తగలని గది, ఆమ్లం లేని కాగితపు సంచులు, ఆరు నెలలకొకసారి తెరిచి చూడడం, ప్రతి పుటనూ స్కాన్ చేసి రెండుచోట్ల దాచడం, ఇంతే కావలసింది. పాత పుస్తకాల అట్టల మీద సంస్థ రబ్బరు స్టాంపులు కొట్టే అలవాటును కూడా మానితే బాగుంటుంది. కొన్ని పుస్తకాల్లో రచయిత సంతకం మీదే స్టాంపు పడి ఉండడం చూసి బాధపడ్డాను.

ఇక ఇంటిని చూపించే మనిషి గురించి. మీ ఇళ్లలో పనిచేసే సంరక్షకులలో కొందరు ఎంత ప్రేమగా చూపిస్తారో నేను చెప్పలేను. ఒకచోట ఊడ్చే పనికి కుదిరిన ఒక పెద్దావిడ, చదువు రాకపోయినా, ఆ ఇంటివారి కథంతా విని విని నేర్చుకొని, ఏ బల్ల ఎక్కడ నుంచి వచ్చిందో, ఏ తలుపు ఎందుకు మూసేశారో నా పిల్లలకు పూసగుచ్చినట్టు చెప్పింది. ఆవిడ జీతం ఎంతో అడిగి తెలుసుకొని సిగ్గుపడ్డాను. అటువంటివారికి గైడు అని ఒక హోదా ఇచ్చి, శిక్షణ ఇచ్చి, జీతం పెంచండి. ఆ ఊరి డిగ్రీ కళాశాలలో తెలుగు, చరిత్ర చదివే విద్యార్థులను శనివారం, ఆదివారం వంతులు వేసి పంపించమని అడగండి, కళాశాలలు తప్పక ఒప్పుకుంటాయి. పలకల మీద రాసే తెలుగు విషయంలోనూ జాగ్రత్త కావాలి. అనువాదం చేయించినట్టుండే వాక్యాలు, అచ్చుతప్పులు, తప్పు తేదీలు ఆ ఇళ్లలో ఉండడం ఎంత మాత్రం తగదు. వాడుకభాష కోసం జీవితాన్ని ధారపోసినవాళ్ల గోడల మీద, ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒక్కసారి చదివి అర్థం చేసుకునే తెలుగే ఉండాలి. కళ్లు కనిపించని పిల్లలు తాకి తెలుసుకునేలా రెండు మూడు వస్తువుల నమూనాలు, చక్రాల కుర్చీ వెళ్లేలా గుమ్మం పక్కన ఒక చెక్క వాలుబల్ల కూడా పెట్టండి. వీటికయ్యే ఖర్చు ఒక జయంతి సభ షామియానా ఖర్చును మించదు.

జయంతి సభలు వద్దని నేను అనడం లేదు. ఏప్రిల్ 16న వీరేశలింగం గారికి, సెప్టెంబరు 21న గురజాడ వారికి దండలు వేయండి, పద్యాలు పాడించండి. కానీ గురజాడ వారి ఇంట్లో ఆ సభతోపాటు, ఆ రోజంతా ఊళ్లోని పిల్లలు వచ్చి ఆ నాటకంలోంచి ఒక రంగం ఆ అరుగు మీదే ఆడుకునే ఏర్పాటు చేస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. వీరేశలింగం గారి ఇంట్లో ఆయన పుట్టినరోజు కంటే డిసెంబరు 11వ తేదీకి ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వాలని నా అభిప్రాయం. ఆ రోజు ఆ ఇల్లు భయపడింది, ధైర్యం చేసింది, పదిమందికి అన్నం పెట్టింది. 2031 డిసెంబరు నాటికి ఆ పెళ్లికి 150 ఏళ్లు నిండుతాయి. ఆ ఇంటిని గదిగదిగా పరిశోధించి సిద్ధం చేయడానికి ఇంకా సమయం ఉంది. ఆ పనికి ఒక చిన్న సంఘం వేస్తే, నా వంటి విశ్రాంత ఉపాధ్యాయులు జిల్లాకు పదిమంది జీతం లేకుండా వచ్చి పత్రాలు చదివి, పలకలు రాసిపెట్టడానికి సిద్ధంగా ఉన్నారు. నేనైతే రేపే వస్తాను.

ఈ ఏడాది డిసెంబరు 11న మా మనవరాలిని, ఆమె తరగతి పిల్లలను తీసుకొని రాజమహేంద్రవరం వస్తున్నాను. ఆ రోజు ఏ వేళకు తలుపు తెరుస్తారో ముందుగా తెలియజేయగలరు. వీలైతే గోదావరి నుంచి తెచ్చిన నీళ్లతో ఒక ఇత్తడి బిందెను ఆ ఇంట్లో ఎక్కడైనా ఉంచండి. వంట ఎవరు చేశారని పిల్లలు అడిగినప్పుడు నేను ఆ బిందెను చూపిస్తాను.

ఇట్లు,
తమ విధేయుడు,
తూర్పు గోదావరి జిల్లాకు చెందిన ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు